తిరగేసి అంటించిన కవర్లు

హాసెల్‌బ్రున్,
15 నవంబర్ 1942, ఆదివారం.

ఎల్స్‌బెత్ తల్లికి,

నీ ఉత్తరం బుధవారం అందింది. అందులో నా ఆరోగ్యం గురించి ఒక ముక్క, కవర్ల గురించి పది ముక్కలు. ఫ్రైబుర్గ్ అంత ఊళ్ళో వెతికినా నాలుగు కవర్లు దొరకలేదంటే అక్కడ డాక్టరు చదువు ఎట్లా సాగుతోందో నాకు తెలియదు. రోగికి మందు చీటీ రాయడానికన్నా కాగితం ఉండొద్దూ?

అడిగావు కదా అని కూర్చున్నాను. మన కొట్లో విత్తనాల కాగితం సంచులు రెండు వేలు మూలుగుతున్నాయి. యుద్ధం పుణ్యమా అని విత్తనాలే రావడం లేదు, ఇంక సంచులెందుకు? అంచులకు ఆవిరి పట్టి విప్పి, ముల్లంగి బొమ్మా నా పేరూ ఉన్న అచ్చు వైపు లోపలికి మడిచి, రై గింజల పిండి జిగురుతో అంటించాను. బయటినుంచి చూస్తే తెల్లటి కవరు. మూతకు రెండు వేళ్ల మడత వదిలాను, అంగడి కవరులాగా దారిలో ఊడిపోదు. వంద ఉన్నాయి. మీ తాత అనేవాడు గుర్తుందా, "తిరగేసి చూడందే ఏదీ పారేయకు" అని. మన ష్వాబియా సీమవాళ్ళని పిసినారి ష్వాబులని ఊరికే అంటారా మరి.

పార్సెల్లో ఎండు బేరి పళ్ళు, రెండు కిలోల మసూరు పప్పు కూడా పెట్టాను. కోప్లర్ మాస్టారు నిన్ను అడిగాడు. బడి మానేసి ఆరేళ్ళయినా "నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్ల" అని ఊరంతా చెప్పుకుంటున్నాడు. వాళ్ళబ్బాయి హైనర్ సైన్యంతో ఎక్కడో వోల్గా నది దగ్గర ఉన్నాడట, ఉత్తరాల్లేవు.

ఇంతకీ ఒక్క ఆడపిల్లకు వంద కవర్లు దేనికే?

నీ పెద్దమ్మ,
వాల్‌బుర్గా.

*

ఫ్రైబుర్గ్,
29 నవంబర్ 1942.

పెద్దమ్మా,

పార్సెల్ అందింది. బేరి పళ్ళు మా గదిలో ఒక్క పూట ఆగలేదు. నా స్నేహితుడు వెండెలిన్ ఒక్కడే సగం తిన్నాడు. నీ జిగురుకు దండం పెట్టాలి. ఒక కవరు నీళ్ళలో పడ్డా ఊడలేదు.

వంద దేనికంటావా, సైనికులకు ఉత్తరాలు రాస్తున్నాం. అయినవాళ్ళు ఎవరూ లేని సైనికులు వేలమంది ఉన్నారు. సాయంత్రాలు కూర్చుని నలుగురం రాస్తాం. అందుకే అడుగుతున్నాను, ఇంకో నూటయాభై చేసి పంపగలవా? చేతులు నొప్పులైతే వద్దు. కాని పంపితే మాత్రం క్రిస్మస్‌లోపు పంపు.

హైనర్ క్షేమంగా ఉంటాడని మాస్టారికి చెప్పు.

నీ ఎల్సీ.

*

హాసెల్‌బ్రున్,
13 డిసెంబర్ 1942.

ఒసే పిచ్చిదానా,

నూటయాభై పంపుతున్నాను గాని ఒక మాట విను. మీ అమ్మ పోయేటప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. నా చేతిలో పెట్టి పోయింది. ఆడపిల్ల ఒక సైనికుడికి ఉత్తరం రాస్తే ముచ్చటగా ఉంటుంది. వందమందికి రాస్తే ఊళ్ళో ఏమంటారు? ఎవడో ఒకణ్ణి చూసుకో. ఆ వెండెలిన్ ఎవరు? బేరి పళ్ళు సగం తినేవాడికి నిన్ను పోషించే ఓపిక ఉందా?

ఇంకో సంగతి. నువ్వు సైనికులకు రాస్తున్నావని రొట్టెల కొట్టు ఆగాతెతో అన్నాను. నా నోటికి తాళం లేదు, దాని నోటికి తలుపే లేదు. మర్నాటికి ఊరి తల్లులంతా మన కొట్టుకు వచ్చారు. "వాల్‌బుర్గమ్మా, మా వాడికి కూడా రాయమను" అని. ఏడుగురి చిరునామాలు ఇక్కడ రాశాను. మొదటిది ఆగాతె కొడుకు ఓట్టోది. చివరిది మన పోలీసు ష్టేలె కొడుకు కార్ల్‌ది. ష్టేలె అయితే సిగ్గుపడుతూ, టోపీ తీసి మరీ అడిగాడు. అందరికీ నా కవర్లలోనే రాయి, ఊరి వాసన తగులుతుంది పిల్లలకి.

రాయకపోతే నా పరువు పోతుంది. గుర్తుంచుకో.

పెద్దమ్మ.

*

ఫ్రైబుర్గ్,
10 జనవరి 1943.

పెద్దమ్మా,

ఏం పని చేశావు! ఏడుగురా! ఓట్టోతో చిన్నప్పుడు ఒక్కసారి మాట్లాడాను, అదీ నా జడకు బంక పూసినప్పుడు. ఏం రాయాలో తెలియక రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి అందరికీ మంచు గురించీ, నీ పప్పు గురించీ రాశాను. కార్ల్ దగ్గర్నుంచి అప్పుడే జవాబు వచ్చింది. నీ కవరు వాసన చూశాడట. ముల్లంగి వాసన రాలేదట.

వెండెలిన్ గురించి నువ్వనుకునేదేం లేదు. అతను మంచివాడు, అంతే. కోప్లర్ మాస్టారి వీధి పేరు మారిందా? పాత పేరే ఉందా? ఊరికే అడుగుతున్నాను.

నీ ఎల్సీ.

*

హాసెల్‌బ్రున్,
9 ఫిబ్రవరి 1943, మంగళవారం.

తల్లీ,

రేడియోలో మూడు రోజులు సంతాప సంగీతం వేశారు. స్టాలిన్‌గ్రాడ్ పోయింది. హైనర్ అక్కడే ఉన్నాడని మొన్న తేలింది. బతికున్నాడో లేడో చెప్పే దిక్కు లేదు. మాస్టారు దుకాణం ముందునుంచి పోతుంటే గోడ నడిచినట్టుంది.

ఇంతలో ఒక గొడవ జరిగింది. మాస్టారి వీధి పేరు నువ్వడిగిందే, బడి వీధే, మారలేదు. ఆ ఇంటికి పోస్టులో ఎవరో దరిద్రుడు ఒక కరపత్రం పంపాడు. నాయకుడి మీద, యుద్ధం మీద ఏవేవో రాశారట. యుద్ధం ఓడిపోయామని, నోరు మూసుకున్న ప్రతివాడికీ ఈ చావుల్లో వాటా ఉందని. నిన్న ఉదయం మాస్టారు దాన్ని పట్టుకుని చలికి వణుకుతూ మన కొట్టుకు వచ్చాడు. నేను గల్లా వెనక ఉన్నాను, అద్దాలు పెట్టుకోలేదు. అప్పుడే ష్టేలె ఉల్లి నారుగడ్డలు ఏరుకుంటున్నాడు.

"బుర్గా, ఈ కవరు మీద రాసింది చూడు. సరిగ్గా చూడు" అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి.

"చూసేదేముంది మాస్టారూ, ఇట్లాంటివి వస్తే పోలీసుకు ఇవ్వాలని ఊరందరికీ చాటింపు వేయలేదా? మీ దగ్గరుంచుకుంటే మీ మెడకే" అని ఆయన చేతిలోంచి లాక్కుని ష్టేలె చేతిలో పెట్టాను. తప్పేముంది? ఆయన మంచికే కదా. మాస్టారు మాత్రం నా మొహంలోకి అదోలా చూసి, "చదవడం కూడా పూర్తవలేదు" అని గొణిగి వెళ్ళిపోయాడు.

ష్టేలె కవరు అటూ ఇటూ తిప్పి, "ఇది అంగడిలో కొన్నది కాదే, ఎవరు చేశారు?" అన్నాడు. నాకు ఒళ్ళు పొంగింది. "రెండు వేళ్ల మడత ఈ జిల్లాలో నేను తప్ప ఎవరు పెడతారు?" అన్నాను. చాకుతో అంచు విప్పాడు. లోపల ముల్లంగి, నా పేరు, ఊరి పేరు. "ఎవరికిచ్చావమ్మా?" అంటే "మా పిల్లకు, ఇంకెవరికిస్తాను" అన్నాను. రాసుకున్నాడు. కవరు స్టుట్‌గార్ట్‌లో రహస్య పోలీసులకు పంపాలట.

నాకు తల తిరిగిపోతోంది. నీ పెట్టెలోంచి ఎవడో దొంగిలించాడు. తాళం వేసుకో. ఆ వెండెలిన్ మీద ఓ కన్నేసి ఉంచు.

పెద్దమ్మ.

*

ఫ్రైబుర్గ్,
13 ఫిబ్రవరి 1943.
(వెండెలిన్ చేతికిచ్చి పంపుతున్నాను)

పెద్దమ్మా,

ఎవరూ దొంగిలించలేదు. ఆ కరపత్రం పంపింది నేను. అడ్రసు రాసింది కూడా నేనే. నువ్వు పంపినవాటిలో ఏడు కవర్లు మన ఊరి పిల్లలకు పోయాయి. మిగతావన్నీ కరపత్రాలకే పోయాయి. అవి మేం నలుగురం రాశాం, అచ్చు తీశాం, వేరు వేరు ఊళ్ళకు రైల్లో పోయి డబ్బాల్లో వేశాం. నీతో అబద్ధం చెప్పాను.

మాస్టారికి ఎందుకు పంపానంటే, చదివితే ఆయన సంతోషిస్తాడనుకున్నాను. "ఆలోచించకుండా తల ఊపకండి" అని మాకు నేర్పింది ఆయనే కదా. హైనర్ సంగతి అప్పటికి తెలియదు. బుద్ధి లేని పని.

ఎందుకు చేశావని అడుగుతావు. పోయిన వేసవిలో నన్ను పోలండ్‌లో ఆసుపత్రి పనికి పంపారు కదా. అక్కడ ఒక ఉదయం యూదుల వీధి ఖాళీ చేయించారు. అందరూ ఇళ్ళకు తాళాలు వేసుకున్నారు, పెద్దమ్మా. నీ వయసు ఆవిడ ఒకావిడ తాళం లాగి చూసి, సరిగ్గా పడిందో లేదో అని మళ్ళీ లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకుని వరసలో నిలబడింది. సాయంత్రం ఆసుపత్రి వెనక అడవిలోంచి తుపాకుల మోత ఆగకుండా వినిపించింది. ఎవరూ తిరిగి రాలేదు. నేను అన్నం తిన్నాను, నిద్రపోయాను. ఆ తర్వాత ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఓట్టో ఇప్పుడు మా వార్డులోనే ఉన్నాడు. విమానంలో తెచ్చారు. రెండు పాదాలూ తీసేశారు. ఆగాతెమ్మకు ఆసుపత్రి వాళ్ళు రాస్తారు, నువ్వు ముందుగా చెప్పకు.

కవరు లోపల నీ పేరుందని నువ్వు మొదట్లోనే రాసినా నేను పట్టించుకోలేదు. ఒక్కటి కూడా విప్పి చూడలేదు. అన్నిటి లోపలా నీ పేరు మోసుకు తిరిగాను! వాళ్ళు నీ దగ్గరికే వస్తారు. అట్లా రాకముందే నేను స్టుట్‌గార్ట్ వెళ్ళి చేసింది నేనేనని చెప్పేస్తాను. దొరికితే ఏం చేస్తారో నాకు తెలుసు, తల తీస్తారు. నాకు భయమే. కాని నీ మీదికి రానివ్వను. ఫిబ్రవరి ఆఖరు దాకా ఆగుతాను. నువ్వేమంటావో ఒక్క మాట రాయి.

చదవగానే పొయ్యిలో వెయ్యి.

ఎల్సీ.

*

హాసెల్‌బ్రున్,
21 ఫిబ్రవరి 1943, ఆదివారం.

ఎల్స్‌బెత్‌కు,

పోయిన ఆదివారం నీ వెండెలిన్ ఊడిపడ్డాడు. పప్పూ పిండి నూడుల్సూ మూడు పళ్ళాలు లాగించాడు. మనిషి పర్వాలేదు, చెవులు కొంచెం పెద్దవి. నీ దగ్గర్నుంచి ఒక్క చీటీ ముక్కైనా తెస్తాడేమో అనుకున్నాను. ఏమీ తేలేదు. వట్టి చేతులతో వచ్చి నిండు కడుపుతో పోయాడు.

నాకు ఈ వారం ఊపిరి సలపలేదు. చలికాలపు సాయం నిధికి మహిళా సంఘం వాళ్ళు ఏం చేద్దామంటే, కాగితం కరువు కదా, కవర్లు చేద్దామన్నాను. మిగిలిన సంచులన్నీ నా వంటింట్లో పోశాం. పదిమంది ఆడవాళ్ళు, అయిదు రోజులు. ఆవిరికి నా వేళ్ళు బొబ్బలెక్కాయి. అందరికీ రెండు వేళ్ల మడత నేర్పాను. పదిహేడు వందలు తేలాయి. నిన్న బజార్లో బల్ల వేసి పెడితే మధ్యాహ్నానికి ఒక్కటి మిగల్లేదు. ఉల్మ్ నుంచి, హైల్‌బ్రోన్ నుంచి వచ్చినవాళ్ళు కట్టలు పట్టుకుపోయారు. పార్టీ జిల్లా కార్యాలయం వాళ్ళు కూడా తీసుకుని, దేశభక్తి అంటే ఇదీ అన్నారు. ఫోటో తీశారు. నా కళ్ళు మూసుకుపోయాయి.

అన్నట్టు, ఆ రోజు ష్టేలెకు నీకొక్కదానికే ఇచ్చానని చెప్పానా, తర్వాత ఆలోచిస్తే గుర్తొచ్చింది. శరత్కాలం నుంచీ బఠాణీ కొన్న ప్రతివాళ్ళకీ నాలుగేసి ఇస్తూనే ఉన్నాను. ముసలి బుర్ర. మళ్ళీ వెళ్ళి అదీ రాయించాను.

చదువు మీద దృష్టి పెట్టు. ఎక్కడికీ తిరగకు.

పెద్దమ్మ.

*

ఫ్రైబుర్గ్,
27 ఫిబ్రవరి 1943.

పెద్దమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకేమీ అర్థం కావడం లేదు. వెండెలిన్ నీ చేతిలోనే పెట్టానంటున్నాడు, నువ్వు ఏప్రను జేబులో వేసుకున్నావంటున్నాడు. నువ్వేమో చీటీ ముక్క తేలేదంటున్నావు. ఎవరిని నమ్మను? అతని జేబులోంచి దారిలో పడిపోయిందా? అతను నాకు అబద్ధం చెబుతున్నాడా? ఇద్దరం నిన్న పోట్లాడుకున్నాం. మాటల్లేవు.

నువ్వేమో అక్కడ బజార్లో కవర్లు అమ్ముతున్నావు! నీ పేరు ఇంకా నాలుగు ఊళ్ళకు పంపుతున్నావు. వద్దని చెప్పడానికి నాకు దారి లేదు.

మ్యూనిక్‌లో ముగ్గురు విద్యార్థుల సంగతి పేపర్లో వచ్చింది. సోమవారం తీర్పు చెప్పారు, సోమవారమే తలలు తీశారు. అందులో ఒకమ్మాయిది నా వయసే.

ఇంక ఆగలేను. వచ్చే శనివారం స్టుట్‌గార్ట్ వెళ్తున్నాను. అక్కడ ఒకరికి ఒక మాట చెప్పాలి. తర్వాత నీకు ఉత్తరం రాయడం కుదరకపోవచ్చు. మసూరు పప్పుకీ, అన్నిటికీ నీకు రుణపడి ఉన్నాను.

ఎల్సీ.

*

తంతి
హాసెల్‌బ్రున్, 3 మార్చి 1943

స్టుట్‌గార్ట్ వద్దు. నాకు జబ్బుగా ఉంది. కంగారు పడకు బాగానే ఉన్నాను. కదిలితే కాళ్ళు విరగ్గొడతాను. ఉత్తరం వస్తుంది. పెద్దమ్మ.

*

హాసెల్‌బ్రున్,
14 మార్చి 1943, ఆదివారం.

ఎల్సీకి,

ఈ ఉత్తరం ఆగాతె తెస్తోంది. కొడుకును చూడటానికి వస్తోంది పాపం. దారిలో ఈ ఉత్తరం తెరిచి చదవకుండా ఉండలేదని నాకు తెలుసు, కాబట్టి ముందు దానికి చెబుతున్నాను: ఆగాతే, చదివాక మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టు. కవరు పారేయకు.

ఇక్కడ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతులే రాస్తున్నాను. ఫిబ్రవరి ఇరవై మూడున స్టుట్‌గార్ట్ నుంచి తోలు కోటు వేసుకున్న అధికారి ఒకడు వచ్చాడు. నా కొట్టు సొరుగులన్నీ నేల మీద బోర్లించాడు. ఆవాలూ, క్యారెట్ విత్తనాలూ కలిసిపోయాయి. అవి ఏరడానికి నాకు ఈస్టర్ దాకా పడుతుందనుకో. "మీ చెల్లెలి కూతురు ఈ కవర్లతో ఏం చేస్తుంది?" అని గద్దించాడు.

నేను నోరు తెరిచేలోపే ష్టేలె ముందుకొచ్చాడు. "మా కుర్రాళ్ళకు ఉత్తరాలు రాస్తుందండీ. మావాడికీ రాసింది. వాడు కవరు భద్రంగా ఇంటికి పంపించాడు" అని మంచుకు తడిసి అడ్రసు అలుక్కుపోయిన కవరు జేబులోంచి తీసి, విప్పి, ముల్లంగి చూపించాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు, "మీరు వస్తున్నట్టు జిల్లా కార్యాలయం మాకు పంపిన కబురు కూడా అయ్యా, ఇందులోనే వచ్చింది" అని రెండోది విప్పాడు. అందులోనూ ముల్లంగే! ఆ మనిషి చాలాసేపు రెండు ముల్లంగుల వంకా మార్చి మార్చి చూశాడు. తర్వాత నా పేరు కాగితంలోంచి కొట్టేశాడు, నీ పేరు కూడా.

కాని కవరు మీద "కోప్లర్ మాస్టారు" అని ఉందట. మాస్టారని రాసేది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే కదా అని ఆ మర్నాడు ఆయన్ని తీసుకుపోయారు. ఈ చేతిరాత ఎవరిదో చెప్పమన్నారట. "నాలుగు వందల మందికి దిద్దించాను. కర్ర పట్టుకుని అందరి చేతా ఒకేలా రాయించాను. నాకే తేడా తెలియదు" అన్నాడట. పధ్నాలుగు రోజుల తర్వాత వదిలారు. కుడి చేతి వేళ్ళు మూడు విరిగాయి. కళ్ళద్దాలు లేవు. ఊళ్ళో ఎవరూ ఏమీ అడగడం లేదు. గుమ్మంలో గుడ్లూ, కట్టెలూ పెట్టి పోతున్నారు.

ఓట్టోను బాగా చూసుకో. వెండెలిన్‌తో పోట్లాట మాను. అతను అబద్ధాలాడే మనిషి కాడని నా నమ్మకం.

నేను పంపే కవరు ఎప్పుడూ వృథా చేయవు కదా. మీ తాత మాట గుర్తు పెట్టుకో.

పెద్దమ్మ.

*

(అదే కవరు లోపలి వైపు, ముల్లంగి బొమ్మ చుట్టూ, పెన్సిలుతో)

తల్లీ, ఉత్తరం ముట్టింది. మూడుసార్లు చదివి పొయ్యిలో వేశాను. పోస్టులో నిజం రాయలేక, ఏమీ తేలేదని రాశాను. దానితో నిన్ను స్టుట్‌గార్ట్ దాకా తరిమినంత పని చేశాను. నువ్వు వెళ్తానన్న శనివారం దాటేదాకా నాకు ముద్ద దిగలేదు. నీ పేరు కనిపించకూడదనే ఊరంతా ముల్లంగులు పంచాను.

నువ్వు చేసింది మంచో చెడో నాకింకా తేలడం లేదు. నాకు చచ్చేంత భయంగా ఉంది. కాని కొట్టుకు తాళం వేసిన ప్రతి సాయంత్రం నువ్వు రాసిన ఆ తాళం ఆవిడ గుర్తొస్తోంది. లాగి చూడాలంటే చెయ్యి రావడం లేదు.

మాస్టారు మొదటి రోజే నీ రాత గుర్తుపట్టాడు. అది నాతో చెప్పడానికే వచ్చాడు. నేను అద్దాలు పెట్టుకోలేదు, ఆయన మాట వినలేదు, లాక్కుని ష్టేలెకు ఇచ్చాను. వేళ్ళు విరిచింది వాళ్ళే. కాగితం ఇచ్చింది మాత్రం నేను. నిన్న పాలు కాచి తీసుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను.

"అది వదిలెయ్ బుర్గా. రెండో పేజీ చదవనివ్వకుండా లాగేశావు. చివర ఏం రాసిందో నాకు తెలియాలి" అన్నాడు.

అందుకని ఆ కరపత్రం ఒకటి పంపు. ఆగాతెకు ఇవ్వకు, దాని కష్టం దానికి చాలు. వెండెలిన్‌తో పంపు, ఈసారి నాలుగు పళ్ళాలు పెడతాను. కవరు మీద ఏమీ రాయొద్దు. మాస్టారికి కళ్ళు కనపడటం లేదు కాబట్టి నేనే చదివి వినిపిస్తాను. మొదటి నుంచి చివరిదాకా, అద్దాలు పెట్టుకుని.